ఆ ఒక్క ‘డా’ కోసం

తెలుగింట్లో బిడ్డ పుడితే బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి పేరు రాస్తారు. ఆ పేరుకు ముందు కాస్త జాగా వదిలిపెట్టడం మన తరం చేర్చిన ఆచారం. ఆ జాగాలో ఎప్పటికైనా ‘డా’ అనే అక్షరమూ దాని పక్కన ఒక చుక్కా పడాలి. పడేలోగా మాగాణి పోయినా, ఇంటి కాగితాలు బ్యాంకు బీరువాకెక్కినా, పిల్లకు కళ్లద్దాలూ కడుపులో మంటా వచ్చినా వెనకడుగు లేదు.

పదో తరగతి ఫలితాలొచ్చిన సాయంత్రం ఇంట్లో సభ జరుగుతుంది. తండ్రి అధ్యక్షుడు. పెదనాన్న ముఖ్య అతిథి. మేనమామ డల్లాస్ నుంచి వీడియో కాల్‌లో సందేశమిస్తాడు. ఎదురింటి ఎల్‌ఐసీ ఏజెంటు కూడా తన అభిప్రాయం చెప్పి, కాఫీ తాగి, పాలసీ కాగితం ఒకటి బల్లమీద పెట్టి పోతాడు. చదవాల్సిన పిల్ల మాత్రం అందరికీ కాఫీలు అందిస్తుంది. రక్తం చూస్తే ఆమెకు కళ్లు తిరుగుతాయా, మంచానపడ్డ నాయనమ్మ గదిలోకి ఎప్పుడైనా వెళ్లిందా, వెళ్తే ఎంతసేపు కూర్చుంది వంటి పనికిమాలిన ప్రశ్నలకు ఆ సభలో తావు లేదు. తీర్మానం ఏకగ్రీవం: బైపీసీ. ఎంపీసీకి పోయిన పక్కింటబ్బాయిని సాఫ్ట్‌వేర్ కంపెనీ లేఆఫ్ చేసింది. రోగాలకు లేఆఫ్ లేదు కదా!

ఆసుపత్రి నడవాలంటే ఎన్నో రకాల చేతులు కావాలి. సూది వేసే చెయ్యి, ఎక్స్‌రే తీసే చెయ్యి, రక్తం పరీక్షించే చెయ్యి, మత్తుమందు యంత్రం చూసే చెయ్యి, పడిపోయిన కాలుకు నడక నేర్పే చెయ్యి. మనవాళ్లు ఈ చేతులన్నిటికీ కులాలు కట్టారు. పైమెట్టు మీద ఎంబీబీఎస్. దాని కింద బీడీఎస్. సంబంధం మాట్లాడేటప్పుడు ‘అబ్బాయి డాక్టరు’ అంటారు గానీ, ‘ఏ డాక్టరు’ అని రెండోసారి అడిగితే తప్ప పళ్లు బయటపెట్టరు. ఆ కింద ఆయుర్వేదం, హోమియో. పగలు ‘మన ప్రాచీన వైద్యం’ అని పూలదండ వేసి, రాత్రి అల్లోపతీ నర్సింగ్‌హోమ్‌లో తక్కువ జీతానికి డ్యూటీ డాక్టరుగా నిలబెట్టే వర్గమిది. ఇంకో మెట్టు దిగితే ఫార్మ్-డి, ఫిజియోథెరపీ. అట్టడుగున నర్సింగు, టెక్నీషియన్ కోర్సులు. రోగి మంచం పక్కన రోజుకు ఎక్కువ గంటలు ఉండేది వాళ్లే. అందుకే వాళ్లను అందరికంటే కింద ఉంచడం మన సనాతన న్యాయం.

ఈ మెట్లకు పెళ్లి సంబంధాల బజారులో ధరల పట్టిక కూడా ఉంది. ఎండీ అయితే ఒక రేటు, ప్లెయిన్ ఎంబీబీఎస్ అయితే ఒక రేటు. వరకట్నం 1961 నుంచీ నేరమన్న సంగతి మన సంబంధాల వాట్సాప్ గ్రూపులకు ఇంకా చేరలేదు. అందుకే కొడుక్కి సీటు కొంటే ఆ డబ్బును ఖర్చు కింద రాయరు, పెట్టుబడి కింద రాస్తారు. కూతురికి కొంటే మాత్రం రెండుసార్లు కట్టాలి. ఒకసారి కాలేజీకి, ఇంకోసారి డాక్టరు అల్లుడికి.

ఇక నీట్ సంగతి. 2025లో ఈ పరీక్ష రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. ‘అర్హత’ పొందినవాళ్లు 12 లక్షల 36 వేలు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1 లక్షా 20 వేలు. అంటే పదిమందికి అర్హత ముద్ర వేసి ఒక్కరికి కుర్చీ వేశారన్నమాట. మిగతా తొమ్మిదిమంది ఎవరని అమాయకంగా అడగకండి. వాళ్లే గిరాకీ. ఆ ఏడాది జనరల్ కేటగిరీలో 720కి 144 వస్తే చాలు, క్వాలిఫై అయినట్టే. ఇంటర్ పరీక్షలో నూటికి ఇరవై వస్తే తండ్రి బెల్టు తీస్తాడు. నీట్‌లో నూటికి ఇరవై వస్తే అదే తండ్రి స్వీటు బాక్సు తీస్తాడు. ‘మా వాడు నీట్ క్వాలిఫై’ అని వీధి మలుపులో ఫ్లెక్సీ కడతాడు. ఆ ఫ్లెక్సీ మీద ఫోన్ నంబరు లేకపోయినా కన్సల్టెన్సీలవాళ్లకు దొరుకుతుంది. మర్నాటి నుంచి రోజుకు పది కాల్స్.

మొదటిసారి రాకపోతే లాంగ్ టర్మ్. ఒక ఏడాది లాంగ్ టర్మ్ చేస్తే పట్టుదల, రెండేళ్లు చేస్తే తపస్సు. మూడో ఏడు దాటాక అదొక వృత్తి. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు. గరిష్ఠ వయసు నిబంధనను కూడా 2022లో ఎత్తేశారు. ఆ పూట కోచింగ్ సెంటర్ల యజమానులు దేవుడికి కొబ్బరికాయలు కొట్టి ఉంటారు. సీటు రాని పిల్లలకు పదవీ విరమణ లేదు, ఫీజులకు అసలే లేదు. ర్యాంకు వచ్చినవాడి ఫొటో హోర్డింగు మీదికెక్కుతుంది. రానివాడు మళ్లీ హాస్టల్ మంచమెక్కుతాడు. హోర్డింగు అద్దె కట్టేది ఈ రెండోవాడి తండ్రే.

ఇందులో ఒక ప్రత్యేక ప్రహసనం తెలంగాణవాళ్లది. తెలంగాణలో సీటు కొట్టాలంటే విజయవాడలో చదవాలన్నది చాలా ఇళ్లలో వేదవాక్కు. తీసుకెళ్లి అక్కడి హాస్టల్లో పడేశారు. 2024లో వచ్చిన జీవో 33 ఏమంది? తొమ్మిది నుంచి ఇంటర్ దాకా వరసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివితేనే స్థానికుడు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ నిబంధన చెల్లుతుందని చెప్పేసింది. పుట్టింది నల్గొండలో, ఓటు నల్గొండలో, తాతల సమాధులు నల్గొండలో. పిల్ల మాత్రం పరాయి రాష్ట్రపు అభ్యర్థి. సీటు కోసం పంపారు, పంపినందుకే సీటు పోయింది. జీవో చదవడానికి పది నిమిషాలు పడుతుంది. హాస్టల్లో ఏసీ గది ఉందో లేదో చూడటానికి రోజంతా తిరిగినవాళ్లకు ఆ పది నిమిషాలు ఎక్కడివి?

కన్వీనర్ కోటాలో సీటు రాకపోతే అక్షరమాల మొదలవుతుంది: బి కేటగిరీ, సి కేటగిరీ. తెలంగాణ ప్రైవేటు కాలేజీల్లో కన్వీనర్ సీటుకు ఏడాదికి 60 వేల రూపాయలైతే, బి కేటగిరీకి సుమారు 11.55 లక్షలు, సి కేటగిరీకి దానికి రెట్టింపు. సి కేటగిరీలో చేరినవాడు బయటికొచ్చేసరికి ఫీజు ఒక్కటే కోటి దాటుతుంది. ఆంధ్రలో అంకెలు వేరు, తంతు ఒక్కటే. ఈ సి కేటగిరీకే ఎన్నారై కోటా అని ముద్దుపేరు. దీని మూలంగా మన కుటుంబ బంధాలు బలపడ్డాయని ఒప్పుకోవాలి. పదిహేనేళ్లుగా పెళ్లికీ చావుకూ ఫోన్ చెయ్యని న్యూజెర్సీ బాబాయిని జూలై నెలలో ‘ఆరోగ్యం ఎలా ఉంది బాబాయ్’ అని పలకరిస్తారు. దూరపు చుట్టాలను కూడా ఈ కోటాలోకి లాగాలని పంజాబ్ ప్రభుత్వం చూస్తే, సుప్రీంకోర్టు 2024లో ఇది మోసం తప్ప మరొకటి కాదని మొహమ్మీదే చెప్పింది. మన బాబాయిలు ఆ వార్త చదివినట్టు లేదు.

కోటి లేనివాళ్లకు విమానం ఉంది. స్టార్ హోటల్ కాన్ఫరెన్స్ హాల్లో కన్సల్టెన్సీ సెమినార్. స్క్రీన్ మీద మంచు కొండలు, తెల్ల కోట్లు. తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు వింటే ముచ్చటేస్తుంది. ‘అన్నం దొరుకుతుందాండీ?’ దొరుకుతుంది, ఆంధ్రా మెస్ ఉంది. ‘వార్డెన్ తెలుగావిడేనా?’ గుంటూరావిడే. ‘ఆవకాయ తీసుకెళ్లనిస్తారా?’ పదికిలోల దాకా. అక్కడి ఆసుపత్రిలో రోగులు ఏ భాషలో ఏడుస్తారు, ఆ భాష రాని మన పిల్లకు వాళ్ల నొప్పి ఎవరు తర్జుమా చేసి చెబుతారు అని మాత్రం ఎవరూ అడగరు. ఆవకాయ వరకే మన దూరదృష్టి.

చైనాకు పంపారు, కరోనా వచ్చింది. పిల్లలు ఇంట్లో కూర్చుని సెల్‌ఫోన్‌లో శవపరీక్షలు నేర్చుకున్నారు. ఉక్రెయిన్‌కు పంపారు, 2022 ఫిబ్రవరిలో బాంబులు పడ్డాయి. ‘ఆపరేషన్ గంగ’ విమానాల్లో ఇళ్లకు చేరారు. కిర్గిజ్‌స్తాన్ పంపారు, 2024 మేలో బిష్కెక్‌లో అల్లరి మూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డాయి. వీటిలో ఏదీ పిల్లల తప్పు కాదు, ఎవరూ ముందుగా ఊహించగలిగిందీ కాదు. కానీ ముందే తెలిసినవి కొన్ని ఉన్నాయి. విదేశీ వైద్య పట్టాలపై 2021లో వచ్చిన నిబంధనల్లో అన్నీ తెల్లగా రాసే ఉన్నాయి: కనీసం 54 నెలల కోర్సు, బోధన ఇంగ్లిష్‌లో, చదివినచోటే ఏడాది ఇంటర్న్‌షిప్, ఇక్కడికొచ్చాక మరో ఏడాది, ఆ దేశంలో వైద్యం చేసుకునే లైసెన్సుకు అర్హత. ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్, తర్వాత ఎండీ. ఆ ఎండీ నాలుగేళ్లే. ముందు చదివిన బీఎస్ 54 నెలల లెక్కలోకి రాదు. ఈ చిక్కు చెప్పకుండానే ఎంతమంది తెలుగు పిల్లలను దావావో విమానం ఎక్కించారో ఆ కన్సల్టెన్సీల చిట్టాలకే తెలియాలి.

తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈ అనే అర్హత పరీక్ష. మూడు వందల ప్రశ్నలు, నూటయాభై వస్తే పాస్, నెగెటివ్ మార్కులు కూడా లేవు. ఇటీవలి విడతల్లో నూటికి డెబ్బైమందికి పైగా తప్పారు. పోయేటప్పుడు ఎయిర్‌పోర్టులో పూలదండలతో దిగిన ఫొటో ఇంటి గోడ మీద ఉంటుంది. పిల్లాడు ఆ ఫొటో కిందే కూర్చుని మళ్లీ కోచింగ్ పుస్తకం తెరుస్తాడు. కోచింగ్ సెంటరు దగ్గర మొదలైన ప్రయాణం ఆరేడేళ్ల తర్వాత ఇంకో కోచింగ్ సెంటరు దగ్గరికే చేరుతుంది.

ఇక్కడే సీటు దొరికినవాళ్ల అదృష్టం సంగతీ చూద్దాం. తల్లిదండ్రులు కాలేజీ చూడ్డానికి కారులో వెళ్తారు. గేటు ఎంత ఎత్తుంది, పచ్చిక ఎంత పచ్చగా ఉంది, క్యాంటీన్‌లో మంచూరియా ఉందా అని పరిశీలిస్తారు. వెనకవైపు ఆసుపత్రి భవనం ఉంటుంది. అందులోకి వెళ్లరు, రోగాలు అంటుకుంటాయని. వెళ్లి ఉంటే ఒక చిన్న లెక్క తేలేది. జాతీయ వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం వంద సీట్ల కాలేజీకి 420 పడకలు, నూటయాభై సీట్లకు 605 పడకలు ఉండాలి. వాటిలో రోగులు కూడా ఉండాలి. తనిఖీ నాడు దుప్పటి కప్పుకుని పడుకునే కూలీలు కాదు, నిజంగా జబ్బుపడ్డవాళ్లు. 2025లో సీబీఐ పెట్టిన కేసులో దేశంలోని కొన్ని ప్రైవేటు వైద్య కళాశాలల మీద వచ్చిన ఆరోపణలు చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. తనిఖీ కోసం లేని ప్రొఫెసర్లను చూపారట, లేని రోగులను చూపారట, తనిఖీ ఎప్పుడో ముందే తెలుసుకోవడానికి లంచాలిచ్చారట. లేని గురువులు లేని రోగుల మీద పాఠం చెబితే ఉన్న విద్యార్థికి ఏం వస్తుంది? పట్టా వస్తుంది. మనం కోరుకున్నదీ అదే.

ప్రభుత్వాల సేవ కూడా మరువరానిది. 2014లో తెలంగాణలో ఉన్న ప్రభుత్వ వైద్య కళాశాలలు ఐదు. పదేళ్లలో 34 అయ్యాయి. జిల్లాకొకటి వచ్చినందుకు సంతోషించాలి. పేద పిల్లలకు సీట్లు పెరిగాయి, అది నిజం. కానీ ప్రారంభోత్సవం రిబ్బను ఒక్క రోజులో కత్తిరించొచ్చు. అనాటమీ ప్రొఫెసరు తయారుకావడానికి పదిహేనేళ్లు పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం 17 కాలేజీలు తలపెట్టి 2023లో ఐదింటిని తెరిచింది. తర్వాతి ప్రభుత్వం మిగతావాటిలో చాలావాటిని ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం (పీపీపీ) దారి పట్టించింది. ఇప్పుడు విద్యార్థి కంటే ఆ ఇటుకలే ఎక్కువసార్లు టీవీలో కనిపిస్తున్నాయి. ఇక విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వం మారి మళ్లీ ఎన్టీఆర్ పేరు వచ్చింది. రెండు పేర్ల మధ్య చదువుకున్న పిల్లలు ఏ దేశమైనా పోతే, ఇవి రెండు విశ్వవిద్యాలయాలు కావు నాయనా, రెండు ప్రభుత్వాలు అని చెప్పుకోవాలి.

సరే, ఎంబీబీఎస్ అయింది. ‘డా’ వచ్చింది. ఇక దిగులు లేదనుకుంటున్నారా? ‘ప్లెయిన్ ఎంబీబీఎస్సేనా?’ అని అడిగే మొదటి మనిషి సీటు కోసం పొలం అమ్మిన పెదనాన్నే. కాబట్టి నీట్ పీజీ. 2023లో పీజీ సీట్లు మిగిలిపోతుంటే కేంద్రం అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించింది. అంటే పరీక్ష రాస్తే చాలు. నెగెటివ్ మార్కులు తెచ్చుకున్నా కౌన్సెలింగ్‌కు రావచ్చు. యూజీలో ఒక్క మార్కు తక్కువైందని పిల్లను రెండేళ్లు గదిలో పెట్టి తాళం వేసిన దేశంలోనే ఈ వింత కూడా జరిగింది. మెరిట్ అనేది కింది మెట్టు దగ్గర కాపలా కాసి, పై మెట్టు దగ్గర కునుకు తీస్తుందని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు కిందిమెట్ల వైపు రండి. ఫార్మ్-డి మన దేశంలో 2008లో మొదలైంది. ఆరేళ్ల చదువు. మందుల మోతాదు, ఒక మందుకూ ఇంకో మందుకూ మధ్య తగాదా కనిపెట్టే విద్య అది. నిజానికి ఆసుపత్రికి చాలా అవసరం. కానీ కాలేజీలు దాన్ని ఎలా అమ్ముకున్నాయి? ‘నీట్ లేకుండా డాక్టర్ అవ్వండి’ అని. పిల్లలు ‘డా’ తగిలించుకుని బయటికొచ్చారు. ఆసుపత్రికెళ్తే ఆ పోస్టు పేరే ఎవరూ వినలేదన్నారు. ఫార్మసిస్టు ఉద్యోగానికి వెళ్తే పక్క కుర్చీలో రెండేళ్ల డిప్లొమా చేసినవాడు కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ జీతం ఒకటే. ఫిజియోథెరపీది ఇంకో కథ. వాళ్లు పేరు ముందు డాక్టర్ అని రాసుకోకూడదని 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ రాసింది. గోల కాగానే దాన్ని వెనక్కి తీసుకుంది. మోకాలి ఆపరేషన్ అయిన ముసలాయన మాత్రం ఈ గొడవలో ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఆయనకు కావాల్సింది బాత్రూమ్ దాకా నడవడం.

నర్సింగు పేరెత్తితే మన మధ్యతరగతి ముక్కు ఇంకా ముడుచుకుంటుంది. ‘సూదులు వేసే ఉద్యోగమా?’ అంటారు. అంటూనే, పెద్ద ఆసుపత్రిలో చేరితే ‘ఆ కేరళ సిస్టర్ ఎంత బాగా చూసుకుందో’ అని వచ్చినవాళ్లందరికీ చెబుతారు. మనింటి ఆడపిల్ల చేస్తే పరువు తక్కువైన పని కేరళ పిల్ల చేస్తే సేవ! 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేలమంది స్టాఫ్ నర్సులకు ముఖ్యమంత్రి నియామక పత్రాలిచ్చారు. అదే రోజు నగరంలోని హాస్టళ్లలో మూడో లాంగ్ టర్మ్ చేస్తున్న పిల్లలు ఎందరు కప్పల గురించి బట్టీ పడుతున్నారో ఊహించుకోండి. జర్మనీ ఆసుపత్రులకు నర్సులు కావాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ భాష నేర్పి మరీ పంపుతోంది. సీటు కోసం మంచు దేశం పోయి అప్పుతో తిరిగొచ్చేవాడికి మనింట్లో దండ, జీతానికి మంచు దేశం పోయే నర్సమ్మకు పెదవి విరుపు.

నర్సింగులో అంతా తేనె అని చెప్పడం లేదు. చిన్న ప్రైవేటు ఆసుపత్రి ఇచ్చే జీతం బస్సు పాసుకూ హాస్టల్ కూటికీ బొటాబొటి. సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బాండు రాయించుకునే యజమానులున్నారు. కరోనాలో పూలు చల్లి, వేవ్ తగ్గగానే కాంట్రాక్టు నర్సులను ఇంటికి పంపిన చరిత్ర మనది. తక్కువ చదువు కాబట్టి వాళ్ల జీతం తక్కువని ఎవరైనా అంటే నమ్మకండి. తక్కువ కులపు చదువని మనం తీర్మానించాం కాబట్టే తక్కువ.

ఇంకా కిందికి దిగితే టెక్నీషియన్లు. గుండెకు స్టెంటు వేసే పూట క్యాథ్ ల్యాబ్‌లో డాక్టరు పక్కన ఉండేది వీళ్లే. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు పోయినవాళ్లు వారానికి రెండుమూడుసార్లు తమ రక్తాన్ని అప్పగించేది డయాలసిస్ టెక్నీషియన్ చేతికే. 2023 డిసెంబరులో అక్కడి పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. భవనం తనంతట తాను రక్తం శుద్ధి చెయ్యదు. ఇంతటి పనికి శిక్షణ ఎక్కడిస్తున్నారు? కొన్ని చోట్ల నిజమైన ఆసుపత్రుల్లో, హైదరాబాద్ నిమ్స్ వంటిచోట చక్కగా ఇస్తున్నారు. కొన్ని చోట్ల బస్టాండు ఎదురుగా, కింద బిర్యానీ హోటలు, పైన మొబైల్ షాపు, ఆ పైన ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పారామెడికల్ సైన్సెస్’. అక్కడ ల్యాబ్ అంటే ఒక అస్థిపంజరం. అదీ ప్లాస్టిక్‌ది. ‘అటెండెన్స్ అక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు’ అన్నది ఆ కోర్సు ముఖ్య ఆకర్షణ. అక్కడ అటెండెన్స్ లేకుండా చదివినవాడు రేపు మీ రక్తం గ్రూపు రాస్తాడు.

ఈ కోర్సులకు దేశం మొత్తానికీ ఒక చట్టం 2021లోగాని రాలేదు. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 2,000 గంటల శిక్షణ, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటలు ఉండాలని ఆ చట్టం చెబుతోంది. బిర్యానీ హోటల్ మీది సంస్థవాళ్లను ‘మీ కోర్సు ఎన్ని గంటలండీ’ అని అడిగి చూడండి. ‘టైమింగ్స్ ఫ్లెక్సిబుల్ సార్’ అంటారు.

ఇన్ని కోర్సుల మధ్య ఏ కోర్సూ చదవని ఒక్క మనిషి మాత్రం పల్లెలో నిశ్చింతగా ఉన్నాడు. ఆయనే ఆర్‌ఎంపీ. ఆయనకు నీట్ లేదు, కౌన్సెలింగ్ లేదు, ఎన్నారై బాబాయి లేడు. ఒక సంచి, ఒక సూది, ఒక గ్లూకోజ్ సీసా. వైద్య మండలి దాడులు చేస్తోంది, చెయ్యాల్సిందే. లెక్క లేకుండా వాడే స్టెరాయిడ్లూ యాంటీబయాటిక్‌లూ జనాన్ని తినేస్తున్నాయి. కానీ అర్ధరాత్రి ఆయాసం వచ్చిన ముసలమ్మ ఇంటికి టూవీలర్ మీద వచ్చేది ఇప్పటికీ ఆయనే. మన కోటి రూపాయల ‘డా’ ఆ వేళకు నగరంలో ఏసీ గదిలో ఉన్నాడు. పట్టా లేనివాడు రోగి దగ్గర, పట్టా ఉన్నవాడు రోగికి దూరంగా ఉండే ఏర్పాటును మనం మూడు తరాలుగా కష్టపడి కట్టుకున్నాం.

అందుచేత బైపీసీ తల్లిదండ్రులారా, ఈ ఏడు డబ్బు కట్టేముందు ఐదు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ పట్టాను ఏ కౌన్సిల్ నమోదు చేసుకుంటుంది? కౌన్సిల్ పేరు కాలేజీవాళ్లను అడగొద్దు, కౌన్సిల్‌నే అడగండి. రెండు, కాలేజీకి ఆసుపత్రి ఉందా, దాంట్లో పడకలెన్ని, మామూలు మంగళవారం నాడు వాటిమీద రోగులు ఉన్నారా? మూడు, కిందటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఎక్కడ, ఎంత జీతానికి పనిచేస్తున్నారు? బ్రోచర్ మీది ముగ్గురు కాదు, క్లాసులో మిగతావాళ్లు. నాలుగు, మధ్యలో మానేస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగిస్తారా? ఐదోది ఎవరినో కాదు, పిల్లనే అడగాలి: వారం రోజులు ఏదైనా జనరల్ ఆసుపత్రి వార్డులో, వాంతులూ వాసనలూ ఏడుపుల మధ్య ఉండి వచ్చాక కూడా ఈ పని నీకు నచ్చిందా? నచ్చితే ఎంబీబీఎస్ రాకపోయినా ఆసుపత్రిలో ఆమెకు గౌరవంగా బతికే దారులు చాలా ఉన్నాయి. నచ్చకపోతే ఎంబీబీఎస్ వచ్చినా లేవు.

ఉత్త ‘డా’ మాత్రమే కావాలనుకుంటే దానికీ ఉపాయముంది. ప్రబంధాల మీదో పప్పుధాన్యాల మీదో పీహెచ్‌డీ చేయించండి. అక్షరం అదే, చుక్క అదే, ఎన్నారై బాబాయి అవసరం లేదు, తప్పు చేసినా ఎవరి ప్రాణమూ పోదు.

ఆసుపత్రి చదువుకు పంపేవాళ్లు మాత్రం ఆ ఐదు ప్రశ్నలూ ఫీజు కట్టకముందే అడగండి. కట్టకముందు అడిగితే మీరు కన్నవాళ్లు. కట్టాక అడిగితే ఉత్త ఫిర్యాదుదారులు.